కోర్టు వేసిన శిక్ష ఆరు నెలలు, రంగం వేసిన శిక్ష ఎంత? జపాన్ వినోద పరిశ్రమ, గంజాయి చట్టం

సుమిదా తీరం

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటున్న నేను, జపనీస్ మాట చెవికి అలవాటు కావాలని ఆదివారం రాత్రి జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. ప్రసారం చేసే చారిత్రక ధారావాహికలను క్రమం తప్పకుండా చూసేవాణ్ణి. 2020 జనవరి 5న మొదలు కావలసిన ‘కిరిన్ గా కురు’ ఆ రోజు రాలేదు. అందులో పదహారో శతాబ్దపు సేనాని ఓదా నొబునాగా భార్య పాత్ర ధరించిన సవాజిరి ఎరికా 2019 నవంబరు 16న ఎం.డి.ఎం.ఎ. అనే మత్తుపదార్థం కలిగి ఉన్నారన్న ఆరోపణపై అరెస్టయ్యారు. అప్పటికి తీసిన ఆమె సన్నివేశాలన్నింటినీ పక్కనపెట్టి, కవాగుచి హరునా అనే మరో నటితో మళ్లీ తీసి, జనవరి 19న మొదటి భాగాన్ని ప్రసారం చేశారు.

ఆ కేసులో పట్టుబడింది గంజాయి కాదు. అయితే అదే సంవత్సరం మే 22న, కాట్-టున్ అనే గాయక బృందంలో ఒకప్పుడు సభ్యుడైన తగుచి జున్నొసుకే గంజాయి కేసులో అరెస్టయ్యాడు. జూన్ 7న బెయిలుపై బయటికి వచ్చినప్పుడు, పోలీసు స్టేషను ముందు కెమెరాల ఎదుట మోకాళ్లపై కూర్చుని, నుదురు నేలకు ఆనించి క్షమాపణ చెప్పిన దృశ్యాన్ని నేను టీవీలో చూశాను. దానిని ఇక్కడ ‘దోగెజా’ అంటారు. ఆ తరువాత కోర్టు అతనికి విధించింది ఆరు నెలల జైలు, అదీ రెండేళ్లపాటు అమలును నిలిపివేసిన శిక్ష, అంటే ఆ రెండేళ్లూ మళ్లీ నేరం చేయకపోతే జైలుకు వెళ్లనక్కరలేదు.

నా ప్రశ్న ఇది. కోర్టు ఇంత స్వల్పంగా శిక్షించిన తప్పుకు, పాత సినిమాలను, పాటలను, పాత్రలను మూలన పెట్టే రెండో శిక్షను ఎవరు, ఏ అధికారంతో విధిస్తున్నారు? చట్టం తెలిసినవారు, సినిమా పనిలో ఉన్నవారు ఇక్కడ ఉన్నారు కనుక అడుగుతున్నాను.

న్యాయపీఠిక

సుమిదా గారూ, ముందుగా చట్టం సంగతి చెబుతాను. జపాన్‌లో గంజాయి నియంత్రణ చట్టం 1948లో వచ్చింది. అప్పటికి ఆ దేశం యుద్ధంలో ఓడి అమెరికా సైన్యాల ఆధీనంలో ఉంది. లైసెన్సు లేకుండా మొక్కను పెంచడం, దగ్గర ఉంచుకోవడం, ఇతరులకు ఇవ్వడం ఆ చట్టం ప్రకారం నేరాలు. దగ్గర ఉంచుకున్నందుకు గరిష్ఠంగా 5 ఏళ్లు, సాగుకు, దిగుమతికి 7 ఏళ్లు, ఆ సాగును, దిగుమతిని లాభం కోసం చేసినట్లయితే 10 ఏళ్లు అని ఉండేది. విచిత్రం ఏమిటంటే, గంజాయి పీల్చడం మాత్రం ఆ చట్టంలో నేరం కాదు. నార కోసం మొక్కను పండించే రైతులు కోత సమయంలో తెలియక దాని పొడిని పీల్చే అవకాశం ఉందని, వారిని నేరస్థులుగా చేయకూడదని అలా వదిలారన్న వివరణ చాలాకాలం ప్రచారంలో ఉంది.

ఆ వెసులుబాటు ఇప్పుడు లేదు. 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణ 2024 డిసెంబరు 12న అమలులోకి వచ్చింది. గంజాయిని, అందులో మత్తు కలిగించే టి.హెచ్.సి.ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చి, దగ్గర ఉంచుకున్నా, వాడినా గరిష్ఠంగా 7 ఏళ్ల శిక్ష అన్నారు. అదే సవరణ గంజాయి నుంచి తయారైన మందులకు మొదటిసారి దారి తెరిచింది. మూర్ఛ వ్యాధితో బాధపడే పిల్లల తల్లిదండ్రులు ఎన్నో ఏళ్లుగా కోరుకున్నది అదే. ఒకే సవరణ ఒక చేత్తో తలుపు తెరిచి, మరో చేత్తో గొళ్లెం పెట్టింది.

ఇక మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే, అరెస్టయిన నటుడి సినిమాను ఆపాలని, గాయకుడి రికార్డును అంగళ్ల నుంచి తీసివేయాలని ఏ చట్టంలోనూ లేదు. కోర్టు ఆ మాట అనదు, పోలీసులూ అనరు. పైగా ఈ ఉపసంహరణ చాలాసార్లు తీర్పుకు ముందే, అభియోగపత్రానికి కూడా ముందే, అరెస్టు వార్త వచ్చిన మరునాడే జరిగిపోతుంది. అక్కడ అభియోగం మోపకుండానే ఒక కేసులో 23 రోజుల వరకు నిర్బంధంలో ఉంచవచ్చు. ఆ మనిషి తన మాట తాను చెప్పుకోవడానికి ముందే అతని పని అంతా మాయమవుతుంది.

నారమగ్గం

నేను నేతపని చేసే కుటుంబంలో పుట్టినవాణ్ణి కనుక, ఈ చర్చలో ఎవరూ ఎత్తని మొక్క సంగతి చెప్పాలనిపించింది. మనకు నార అనగానే గోగు, జనుము గుర్తుకు వస్తాయి. అవి వేరే మొక్కలు. జపాన్‌లో ‘ఆసా’ అనే నార మాత్రం గంజాయి మొక్క నుంచే తీస్తారు. పత్తి అక్కడికి విస్తారంగా రాకముందు సామాన్యుల బట్ట అదే. పసిపిల్లల దుస్తులపై వేసే ‘ఆసా-నో-హా’ అనే ఆరు కోణాల నమూనా ఆ ఆకు రూపమే. ఆ మొక్క నిటారుగా, త్వరగా ఎదుగుతుంది కాబట్టి బిడ్డ కూడా అలాగే ఎదగాలని తల్లులు కోరుకునేవారు.

షింతో ఆలయాల ముందు కట్టే ‘షిమెనావా’ తాడుకు, సుమో మహామల్లుడైన యొకొజునా నడుముకు కట్టే లావైన తాడుకు ఈ నారను వాడతారు. ఇసే ఆలయం ఏటా ఇంటింటికీ పంపే రక్షాపత్రం పేరు ‘జింగు తైమా’. గంజాయికి చట్టంలో వాడే ‘తైమా’ అన్న మాటే, అవే అక్షరాలతో, ఆ రక్షాపత్రం పేరులోనూ ఉంది. కొత్త చక్రవర్తి సింహాసనం ఎక్కిన తరువాత జరిపే ‘దైజోసాయి’ అనే క్రతువుకు తొకుషిమా ప్రాంతంలో ఈ నారతో నేసిన వస్త్రాన్ని సమర్పిస్తారు. ఆ క్రతువు 2019 నవంబరు 14 రాత్రి మొదలై 15 తెల్లవారుజామున ముగిసింది. సుమిదా గారు చెప్పిన అరెస్టు ఆ మరునాడే జరిగింది. ఆ నటి కేసులోని పదార్థానికి ఈ మొక్కతో సంబంధం లేదని నాకు తెలుసు. అయినా, ఒకే వారంలో ఒక సమాజం ఒక మొక్క నారను దేవుడి ముందు పరచడం, అన్ని రకాల మత్తునూ ఒకే మైలగా చూడడం నన్ను ఆలోచనలో పడేశాయి.

ఆ నారను పండించేవారు 1954లో 37 వేలకు పైగా ఉండేవారు. 2021 నాటికి 27 మంది మిగిలారు. కృత్రిమ నారలు రావడం, లైసెన్సు దొరకడం కష్టం కావడం రెండూ దీనికి కారణాలే. మిగిలిన సాగులో ఎక్కువ భాగం తొచిగి జిల్లాలో ఉంది. అక్కడ మత్తు పదార్థం అతి తక్కువగా ఉండే విత్తన రకాన్ని రూపొందించి వాడుతున్నారు. నేతగాడిగా నాకు ఆ 27 అన్న అంకె చదివినప్పుడు కలిగిన బాధ, సినిమా తార అరెస్టు వార్త చదివినప్పుడు కలగలేదు.

న్యాయపీఠిక

నారమగ్గం గారు సుమో ప్రస్తావన తెచ్చారు కనుక ఒక ఉదాహరణ. 2008లో రష్యాకు చెందిన ముగ్గురు మల్లులను సుమో సంఘం గంజాయి కారణంగా బహిష్కరించింది. వకనొహో దగ్గర గంజాయి దొరికిందని అరెస్టు చేశారు, కానీ చివరికి అభియోగం మోపలేదు. రోహో, హకురొజన్ అనే అన్నదమ్ములపై కేసే లేదు. మూత్రపరీక్షలో గంజాయి జాడ కనబడిందని సంఘం చెప్పింది, వారు తాము వాడలేదన్నారు. వాడకం అప్పటికి చట్టరీత్యా నేరం కాదన్నది గుర్తుంచుకోండి. అంటే దేశపు చట్టం నేరమనని పనికి, వృత్తి సంఘం జీవితాంతపు బహిష్కారం విధించింది. సంఘం అధ్యక్షుడైన కితనొఉమి కూడా పదవి వదులుకోవలసి వచ్చింది. మీరు అడిగిన ‘రెండో శిక్ష’కు ఇంతకంటే స్పష్టమైన రూపం ఉండదు.

పాత రికార్డులు

నేను జపాన్ పాటల రికార్డులు సేకరిస్తాను. ఈ కాఠిన్యం ఎప్పుడూ ఇదే మోతాదులో ఉందనుకోవడం సరికాదని నా అభిప్రాయం.

విదేశీయుల విషయంలో తలుపు మొదటి నుంచీ గట్టిగానే మూసేవారు. 1973లో ఇంగ్లండు రాక్ గాయకుడు మిక్ జాగర్‌కు పాత మత్తుపదార్థాల కేసు ఉన్నందున అనుమతి ఇవ్వకపోవడంతో ఆయన బృందం రోలింగ్ స్టోన్స్ పర్యటన రద్దయింది. 1980 జనవరి 16న ఒకప్పటి బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్నీ నరితా విమానాశ్రయంలో దిగినప్పుడు ఆయన పెట్టెలో సుమారు 219 గ్రాముల గంజాయి దొరికింది. ఆయన వింగ్స్ బృందం ఇవ్వవలసిన 11 కచేరీలు రద్దయ్యాయి. తొమ్మిది రోజులు కటకటాల వెనుక ఉంచి, అభియోగం లేకుండా దేశం నుంచి పంపించేశారు. పదేళ్ల తరువాత, 1990లో, ఆయన టోక్యో డోమ్‌లో పాడారు.

స్వదేశీ గాయకుల సంగతి చూడండి. ఇనొఉఎ యోసుయి 1973లో విడుదల చేసిన ఎల్పీ జపాన్‌లో పది లక్షల ప్రతులు దాటిన మొదటి ఎల్పీ. ఆయన 1977లో గంజాయి కేసులో అరెస్టయ్యారు. శిక్ష అమలును నిలిపివేస్తూ తీర్పు వచ్చింది. మరుసటి ఏడాదే కొత్త ఎల్పీతో తిరిగి వచ్చి, ఆ తరువాత దశాబ్దాలపాటు ఆ దేశపు పెద్ద గాయకులలో ఒకరిగా నిలిచారు. నటుడు హగివరా కెనిచి 1983లో గంజాయి కేసులో పట్టుబడి, తిరిగి తెరపైకి వచ్చారు. అవమానం అప్పుడూ ఉంది, పత్రికలు అప్పుడూ వదలలేదు. కానీ మనిషి తన తప్పుకు తలవంచి, కొంతకాలం ఇంట్లో కూర్చుని, మళ్లీ పనికి రావడానికి ఒక బాట కనిపించేది.

ఆ తరువాత మారిందేమిటి? 1987లో ‘దమె. జెత్తాయి.’ అనే ప్రచారం మొదలైంది. ‘వద్దు. ముమ్మాటికీ.’ అని దాని అర్థం. బడిలో, రైల్వే స్టేషనులో, పోస్టాఫీసులో ఆ రెండు మాటలు చూస్తూ పెరిగిన తరానికి గంజాయి వేరు, హెరాయిన్ వేరు అన్న తేడా లేదు. రెండోది, వాణిజ్య ప్రకటనల పెరుగుదల. తార అంటే పాడేవాడు, నటించేవాడు మాత్రమే కాదు. నాలుగైదు సంస్థల సబ్బుకో, బ్యాంకుకో, కారుకో ముఖం కూడా. ఆ ఒప్పందాల్లో పరువుకు భంగం కలిగితే నష్టపరిహారం చెల్లించాలన్న షరతు ఉంటుంది. ఆ మొత్తం నటుడిపైన, అతని వ్యవహారాలు చూసే ఏజెన్సీ, అంటే ‘జిముషొ’ పైన పడుతుంది. కాబట్టి జిముషొ అందరికంటే ముందు క్షమాపణ చెప్పి, అందరికంటే ముందు ఒప్పందం తెంచుకుంటుంది.

గోదారి గట్టు

పెద్దలు క్షమించాలి, నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను. జపాన్‌లో జీవితంలో ఒక్కసారైనా గంజాయి వాడిన వారు 1.4 శాతం మాత్రమే. అమెరికాలో ఆ సంఖ్య 40 శాతం పైమాటే. ఒక దేశం తన పిల్లలను ఇంత భద్రంగా ఉంచుకోగలిగితే, దానికి సినీతారల పట్ల కాఠిన్యం కొంత తోడ్పడి ఉండదా? తెరమీద కనిపించేవాడిని పిల్లవాడు అనుకరిస్తాడు. ఒక కంపెనీ తన డబ్బుతో వేసుకునే ప్రకటనలో ఎవరి ముఖం ఉండాలో నిర్ణయించుకునే హక్కు ఆ కంపెనీకి ఉంది. దానిని శిక్ష అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. మన విశాఖ మన్యంలో గంజాయి తోటల వల్ల ఎన్ని గిరిజన కుటుంబాలు కేసుల్లో చిక్కుకుని నలిగిపోయాయో చూసినవాణ్ణి కనుక, ‘కొంచెం చూసీ చూడనట్టు వదిలేయాలి’ అన్న వాదన నా గుండెకు ఎక్కదు.

కత్తెర-జిగురు

గోదారి గట్టు గారూ, ప్రకటన విషయంలో మీతో ఏకీభవిస్తాను. ప్రకటన అంటేనే ఆ ముఖం మీద నమ్మకం, నమ్మకం పోతే ప్రకటన లేదు. కానీ నేను హైదరాబాదులో ఎడిటింగ్ బల్ల ముందు ఇరవై రెండేళ్లు గడిపినవాణ్ణి. సినిమా గురించి మాత్రం ఒక మాట చెప్పనివ్వండి.

2019 మార్చి 12న పియెర్ తాకి అనే నటుడు, సంగీతకారుడు కొకెయిన్ కేసులో అరెస్టయ్యాడు. మరునాటికి జరిగినవి చూడండి. అతనూ మరొకరూ కలిసిన దెంకి గ్రూవ్ అనే ఇద్దరి బృందం ముప్పై ఏళ్లపాటు చేసిన పాటలన్నింటినీ సోనీ మ్యూజిక్ అమ్మకం నుంచి, ఆన్‌లైన్ నుంచి తీసివేసింది. ఇద్దరిలో రెండోవాడు ఏ నేరమూ చేయలేదు, కానీ అతని జీవితకాలపు పని కూడా అదృశ్యమైంది. సెగా సంస్థ ఒక వీడియో గేమ్ అమ్మకాన్ని ఆపి, అందులోని పాత్రకు ముఖాన్ని, గొంతును మార్చి మళ్లీ విడుదల చేసింది. ‘ఫ్రోజెన్’ జపనీస్ రూపంలో ఓలాఫ్ అనే మంచుబొమ్మకు అతను ఇచ్చిన గొంతును మార్చారు. ఎన్.హెచ్.కె. అప్పుడు ప్రసారమవుతున్న ధారావాహికలో అతని పాత్రను వేరొకరికి ఇచ్చింది. అతను నటించిన పాత ధారావాహికలను ఆన్‌లైన్‌లో చూపడం కూడా ఆపింది.

ఇలా వెనక్కి వెళ్లి తుడిచే పనిలో నష్టపోయేది ఎవరు? కొన్నేళ్ల కిందట ఒక ధారావాహికలో నటుడు మధ్యలో తప్పుకోవలసి రావడంతో, పదకొండు భాగాలలో అతను కనిపించే ప్రతి షాట్‌ను నేను తీసివేయవలసి వచ్చింది. ఎదుటివాడి ముఖం మీద కత్తిరిస్తే సంభాషణ సగం పోతుంది. వెడల్పు షాట్ తీసేస్తే గదిలో ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియదు. అతని పక్కన నిలబడి తన జీవితంలో మొదటిసారి నాలుగు పంక్తులు మాట్లాడిన ఒక చిన్న నటి సన్నివేశం మొత్తం పోయింది. ఆమె ఏ తప్పూ చేయలేదు. ఆ రోజు నేను ఇంటికి వెళ్లి భోజనం చేయలేకపోయాను. జపాన్‌లో దీనికి ‘ఒకురాఇరి’ అనే మాట ఉంది. కొట్టుగదిలోకి చేర్చడం అని అర్థం. ఒక సినిమా కొట్టుగదిలోకి వెళితే, కాస్ట్యూమ్ కుట్టినవాడి దగ్గరి నుంచి సంగీతం కూర్చినవాడి వరకు అందరి పనీ దానితోపాటు తాళంలో పడుతుంది.

అందరూ అలాగే చేయలేదన్నది కూడా చెప్పాలి. తాకి నటించిన ఒక సినిమాను తోయె సంస్థ 2019 ఏప్రిల్ 5న ఒక్క షాటూ కోయకుండా విడుదల చేసింది. టీవీ ఇంట్లోకి తనంతట తాను వస్తుంది, సినిమాకు మాత్రం ప్రేక్షకుడు డబ్బు పెట్టి, తెలిసి, తన కాళ్లతో నడిచి వస్తాడు. ఆ తేడాను గుర్తించిన నిర్ణయం అది. 2020లో గంజాయి కేసులో అరెస్టయిన ఇసేయా యుసుకే సన్నివేశాలను కూడా తరువాత వచ్చిన సినిమాలలో అలాగే ఉంచారు. దెంకి గ్రూవ్ పాటలను తిరిగి ఇవ్వమని ఆన్‌లైన్ విన్నపంపై 60 వేలమందికి పైగా సంతకాలు పెట్టారు. ఆ పాటలు 2020 జూన్‌లో తిరిగి వచ్చాయి.

సుమిదా తీరం

కత్తెర గారి మాట చదివాక ఒక సందేహం వచ్చింది. పాత రికార్డులు గారు ప్రకటనలను కారణంగా చెప్పారు. కానీ ఎన్.హెచ్.కె.కి ప్రకటనలు లేవు. అది ప్రజలు చెల్లించే రుసుముతో నడుస్తుంది, నేనూ చెల్లిస్తున్నాను. మరి నా ఆదివారపు ధారావాహికను మళ్లీ తీయించింది ఎవరి ఒత్తిడి?

ఇక్కడ నివసిస్తూ నేను గ్రహించినది చెబుతాను. జపనీస్‌లో ‘మెయివాకు’ అనే మాట ఉంది. మన వలన ఇతరులకు కలిగే ఇబ్బంది, భారం అని దాని అర్థం. పిల్లలకు నడక నేర్పినంత తొందరగా ఈ మాట నేర్పుతారు. అరెస్టయిన నటుడు క్షమాపణ చెప్పేటప్పుడు ‘నేను చట్టాన్ని ఉల్లంఘించాను’ అనడు, ‘ఎందరికో మెయివాకు కలిగించాను’ అంటాడు. అలాగే ‘జిషుకు’ అనే మరో మాట ఉంది. ఎవరూ ఆజ్ఞాపించకుండా తమకు తాము సంయమనం పాటించడం. ఎన్.హెచ్.కె. అధికారికి ఎవరూ ఉత్తరువు ఇవ్వనక్కరలేదు. ఫోన్లు చేసి అభ్యంతరం చెప్పే ప్రేక్షకుడు ఒకడు ఉంటాడని ఊహించుకుంటే చాలు. విచారకరమైన విషయం ఏమిటంటే, ఇలా మళ్లీ తీయించడం వలన వందలాది సిబ్బందికి కలిగే మెయివాకు ఆ లెక్కలోకి రాదు. దానిని కూడా అరెస్టయిన మనిషి ఖాతాలోనే రాస్తారు. నిర్ణయం తీసుకున్నది వేరొకరన్న సంగతి ఆ భాషలోనే మరుగున పడిపోతుంది.

ఓర్పు

నేను విశాఖపట్నంలో మత్తు వదిలించే కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. గోదారి గట్టు గారి ఆవేదన నాకు తెలుసు. పద్దెనిమిదేళ్ల పిల్లవాణ్ణి తల్లి చేయి పట్టుకుని తీసుకువచ్చే దృశ్యం నాకు వారానికి చాలాసార్లు ఎదురవుతుంది. గంజాయి ఏమీ చేయదనే వారితో నేను ఎన్నడూ ఏకీభవించను. ముఖ్యంగా ఎదిగే వయసులో అది చేసే హాని నేను కళ్లారా చూస్తున్నాను.

అయినా మీరు చెప్పిన 1.4 శాతం పక్కన మరో అంకె పెట్టి చూడండి. జపాన్‌లో గంజాయి కేసుల్లో పట్టుబడినవారు 2023లో ఆరు వేలు దాటి, దశాబ్దాలుగా మొదటి స్థానంలో ఉన్న మెథాంఫెటమిన్ అనే ఉత్ప్రేరక మత్తుపదార్థం కేసుల వారి సంఖ్యను మొదటిసారి మించిపోయారు. వారిలో పదిమందికి ఏడుగురు ముప్పై ఏళ్ల లోపువారు. తారలపై అత్యంత కఠినంగా వ్యవహరించిన 2019, 2020 సంవత్సరాల తరువాత వచ్చిన అంకె ఇది. తారను తుడిచివేస్తే పిల్లలు మానేస్తారన్న నమ్మకానికి ఇది ఆధారం ఇవ్వడం లేదు.

నాకు ఇంకా బాధ కలిగించేది వేరే ఉంది. అలవాటు పడిన మనిషి కోలుకోవడానికి మొదటి మెట్టు ఎవరో ఒకరితో నోరు విప్పి చెప్పడం. చెప్పిన రోజే పని, పేరు, స్నేహితుల పని కూడా పోతుందని తెలిస్తే ఎవరు చెబుతారు? వాడకాన్ని నేరం చేయాలా అన్న చర్చ జరిగినప్పుడు జపాన్ ఆరోగ్యశాఖ నియమించిన నిపుణుల సంఘంలోనే కొందరు ఇదే అభ్యంతరం చెప్పారు. మన దేశపు మాదకద్రవ్యాల చట్టం, ఎన్.డి.పి.ఎస్., 1985 నాటిది, చాలా కఠినమైనది. అందులో కూడా 64ఎ అనే సెక్షన్ ఉంది. అలవాటు పడినవాడు తానుగా చికిత్సకు ముందుకు వస్తే, వాడకానికి, స్వల్ప పరిమాణానికి సంబంధించిన కేసు నుంచి రక్షణ దొరుకుతుంది. నా కేంద్రానికి వచ్చే తల్లులకు నేను మొదట చెప్పేది ఆ సెక్షన్ గురించే.

గోదారి గట్టు

ఓర్పు గారూ, ఆ అంకె నాకు తెలియదు. అరెస్టులు పెరగడం అంటే వాడకం పెరగడమేనా, పోలీసుల నిఘా పెరగడమా అన్న ప్రశ్న ఉన్నప్పటికీ, ముప్పై ఏళ్ల లోపువారి వాటా గురించి మీరు చెప్పినది నన్ను ఆపింది. ప్రకటనల విషయంలో నా మాట నాదే. తారల పట్ల కాఠిన్యం పిల్లలను కాపాడుతుందన్న మాటను మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

డాలస్ బాటసారి

చర్చకు కొంచెం పక్కదారి అయినా అడగక తప్పడం లేదు. వచ్చే ఏప్రిల్‌లో మా అమ్మానాన్నలను తీసుకుని డాలస్ నుంచి జపాన్ మీదుగా హైదరాబాదు వెళ్తున్నాం. అమ్మ మోకాలి నొప్పికి ఇక్కడ దుకాణంలో కొన్న సి.బి.డి. (గంజాయి మొక్క నుంచి తీసే, మత్తు కలిగించని పదార్థం) నూనె రాసుకుంటుంది. దానివలన ఇబ్బంది ఉంటుందా?

న్యాయపీఠిక

దయచేసి దానిని ఇంట్లోనే వదిలి వెళ్లండి. సి.బి.డి.పై నిషేధం లేదు. కానీ 2024 డిసెంబరు నుంచి అందులో మిగిలి ఉండే టి.హెచ్.సి.కి అతి కఠినమైన హద్దులు పెట్టారు. నూనెలో పది లక్షలకు 10 వంతులు, పానీయాలలో 0.1 వంతు, మిగతా వాటిలో 1 వంతు. అది దాటితే ఆ సీసా మాదకద్రవ్యమే. అమెరికాలో ‘చట్టబద్ధం’ అని రాసి అమ్మే వాటిలో చాలావరకు ఈ హద్దును లెక్కలోకి తీసుకుని తయారుచేసినవి కావు. మెకార్ట్నీ పెట్టె కథ పైన చదివారు కదా, విమానాశ్రయంలో తెలియక తెచ్చామన్న మాట మీ తల్లిగారికి ఉపయోగపడుతుందన్న భరోసా నేను ఇవ్వలేను.

ఇక అసలు చర్చకు వస్తాను. ఇంతవరకూ ఎవరూ ప్రస్తావించని తీర్పు ఒకటి ఉంది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత విలువైనది అదే. 2019లో విడుదలైన ‘మియమొతొ కర కిమి ఎ’ అనే సినిమాకు ప్రభుత్వ నిధులతో నడిచే జపాన్ కళామండలి కోటి యెన్‌ల సాయం ఇవ్వడానికి సిద్ధమై, అందులో పియెర్ తాకి ఒక చిన్న పాత్రలో ఉన్నాడని, అతనికి శిక్ష పడిన తరువాత ఆ సాయాన్ని నిరాకరించింది. ప్రజల సొమ్ము ఇస్తే, ప్రభుత్వం మత్తును సహిస్తోందన్న సందేశం వెళుతుందని, అది ప్రజాప్రయోజనానికి విరుద్ధమని దాని వాదన. నిర్మాణ సంస్థ కోర్టుకు వెళ్లింది. 2021లో జిల్లా కోర్టులో గెలిచింది, 2022లో హైకోర్టులో ఓడింది. 2023 నవంబరు 17న సుప్రీంకోర్టు ఆ నిరాకరణ చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది.

తీర్పులోని తర్కాన్ని నా మాటల్లో చెబుతాను. సాయం అందేది నిర్మాణ సంస్థకు, ఆ నటుడికి కాదు. ఆ సాయం వలన దేశంలో మత్తు వాడకం పెరుగుతుందనడానికి ఆధారం లేదు. ప్రజాప్రయోజనం అనే విశాలమైన మాటను పట్టుకుని కళకు సాయం నిరాకరించడం మొదలైతే, ఆ సాయం కోరేవారు ముందే భయపడి తమ అభివ్యక్తిని కుదించుకుంటారు, అది రాజ్యాంగం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛకు తగదు. మండలి చెప్పిన ‘సందేశం’ వాదన అక్కడ నిలబడలేదు. ఆ పోరాటాన్ని మొదలుపెట్టిన నిర్మాత 2022లోనే మరణించారు, చివరి తీర్పును వినలేదు.

కత్తెర-జిగురు

న్యాయపీఠిక గారికి కృతజ్ఞతలు. ఆ నిర్మాత గురించి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. కోటి యెన్‌లు ఒక మధ్యతరహా సినిమాకు చిన్న మొత్తమేమీ కాదు. అది అందదని తెలిసిన తరువాత కూడా ఆయన ఆ నటుడి షాట్లను కోయలేదు, సినిమాను ఉన్నది ఉన్నట్టుగా విడుదల చేశారు. కోసి ఉంటే ఎంత తేలికగా బయటపడేవారో ఎడిటర్‌గా నాకు తెలుసు.

పాత రికార్డులు

తాకి తరువాత సంగతి కూడా చెప్పాలి. 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘సాంక్చువరీ’ అనే సుమో ధారావాహికలో అతను మల్లశాల గురువుగా నటించాడు. ఆ సేవకు చందాదారు డబ్బు కడతాడు, నిర్ణయించేది అతనే. సవాజిరి ఎరికా 2024 ఫిబ్రవరిలో రంగస్థలం ద్వారా తిరిగి వచ్చారు. అక్కడ కూడా టికెట్టు కొన్నవాడే ప్రేక్షకుడు. తిరిగి వచ్చే బాట పూర్తిగా మూసుకుపోలేదు. ప్రేక్షకుడికి, నటుడికి మధ్య మూడోవాడు లేని చోట అది తెరుచుకుంటోంది.

సుమిదా తీరం

నా ప్రశ్నకు సమాధానం దొరికింది. రెండో శిక్షను విధించేది చట్టం కాదు, కోర్టు కాదు. జిముషొ, ప్రకటనదారు, ప్రసార సంస్థ, ఫోన్ చేస్తాడని ఊహించుకున్న ప్రేక్షకుడు, వీరందరూ కలిసి, ఎవరి సంతకమూ లేకుండా విధిస్తున్నారు. సంతకం ఉంటే దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. కళామండలి తన నిరాకరణను కాగితం మీద రాసి ఇచ్చింది కాబట్టే సుప్రీంకోర్టు దానిని కొట్టివేయగలిగింది. ప్రైవేటు ఒప్పందాలను, జిషుకును ఆ తీర్పు తాకదు. అందుచేత ఏదైనా ఒక ఆదివారం మళ్లీ అరెస్టు వార్త వస్తే, నేను చూస్తున్న ధారావాహికలో ఒక ముఖం మారుతుందనే అనుకుంటున్నాను. ఆ రోజు ఎన్.హెచ్.కె.కి ఒక రుసుము చెల్లింపుదారుగా, ఉన్నది ఉన్నట్టుగా ప్రసారం చేయమని నా వచ్చీరాని జపనీస్‌లో ఒక ఉత్తరం రాస్తాను. ఫిర్యాదు చేసే ఫోన్ల పక్కన అది కూడా లెక్కలోకి రావాలి.

ఓర్పు

రాసే ముందు ఇక్కడ పెట్టండి సుమిదా గారూ. చికిత్స గురించి ఒక వాక్యం నేను చేరుస్తాను.